గెలిచి తొడుక్కునే వేషాలు

ప్లాట్‌ఫార్మ్ వీడియో గేములో పాత్ర పరిగెత్తుతుంది, గెంతుతుంది, గుంతలు దాటుతుంది, శత్రువు నెత్తిన కాలు పెడుతుంది. ఆట మొదలైనప్పుడు ఆ పాత్రకు ఒకే వేషం ఉంటుంది. దాచిపెట్టిన నాణేలన్నీ ఏరినా, ఒక దశను నిర్ణీత సమయంలో ముగించినా, చివరి శత్రువును ఓడించినా కొత్త వేషం తెరుచుకుంటుంది. టోపీ మారుతుంది, చొక్కా రంగు మారుతుంది, ఒక్కోసారి పాత్ర పూర్తిగా వేరే మనిషిలా కనబడుతుంది. ఆటగాళ్లు దీన్ని కాస్ట్యూమ్ అన్‌లాక్ చేయడం అంటారు.

పేరున్న పాత్రలంటే ప్రాణం పెట్టే అభిమానులు తామే తయారుచేసి ఉచితంగా పంచే ఆటలను ఫ్యాన్ గేములు అంటారు. కంపెనీల గేముల్లో వేషం మొదట నేర్పుకు బహుమతిగా వచ్చి, కాలక్రమంలో చాలాచోట్ల అమ్మకపు సరుకైంది. ఫ్యాన్ గేముల్లో మాత్రం అది బహుమతిగానే నిలిచింది. ఇందులో అభిమానుల ప్రేమకు ఎంత పాత్ర ఉందో చట్టానికీ, సాంకేతిక పరిమితులకూ అంతే పాత్ర ఉంది.

పన్నెండు బైట్లలో మూడు వేషాలు

1981లో నింటెండో విడుదల చేసిన 'డాంకీ కాంగ్' ఆర్కేడ్ గేములో షిగెరు మియమొటో ఒక వడ్రంగి పాత్రను సృష్టించాడు. తర్వాత మారియో పేరుతో ప్రపంచమంతా తెలిసింది ఆ పాత్రే. తెర మీద దానికి దక్కిన చోటు నిలువుగా, అడ్డంగా పదహారేసి చుక్కలు. అంత ఇరుకులో నోరు గీయడం కుదరక మీసం పెట్టారు. గెంతినప్పుడు జుట్టు ఎగరడం చూపలేక టోపీ తొడిగారు. చేతుల కదలిక ఒంటి నుంచి విడిగా కనబడాలని చొక్కా మీద వేరే రంగు ఓవరాల్స్ వేశారు. గేముల లోకంలో అందరికన్నా ఎక్కువమంది గుర్తుపట్టే ఆ వేషం యంత్రం పెట్టిన ఇబ్బందుల్లోంచి పుట్టింది.

రెండో వేషం కూడా పొదుపు కోసమే వచ్చింది. 1983 నాటి 'మారియో బ్రదర్స్' గేములో ఇద్దరు కలిసి ఆడే వీలుంది. రెండో ఆటగాడికి కొత్త బొమ్మ గీసే బదులు మారియో బొమ్మకే పచ్చరంగు వేసి లుయీజీ అన్నారు. పెడన కలంకారీలో ఒకే అచ్చుదిమ్మెను వేర్వేరు రంగుల్లో ముంచి అద్దినట్టు, గీత ఒకటే, రంగు వేరు. గేముల పరిభాషలో దీని పేరు ప్యాలెట్ స్వాప్.

1985లో వచ్చిన 'సూపర్ మారియో బ్రదర్స్' ప్రోగ్రామును విప్పి చూస్తే ఈ కిటుకు దగ్గరగా కనబడుతుంది. ఆ గేము మొత్తం పరిమాణం 40 కిలోబైట్లు. 32 కిలోబైట్లు ఆట నడిపే ఆదేశాలు, 8 కిలోబైట్లు బొమ్మలు. ఆ గేము నడిచే ఫ్యామికామ్ అనే గేము యంత్రం ఒక్కో బొమ్మకు ఒకసారికి మూడు రంగులే ఇస్తుంది, నాలుగోది పారదర్శకం. ఆటగాడి రంగుల కోసం ప్రోగ్రాములో మూడు వరుసలున్నాయి. హెక్సాడెసిమల్ సంఖ్యల్లో మారియోకు 22, 16, 27, 18. లుయీజీకి 22, 30, 27, 19. నిప్పులు చిమ్మే పువ్వు తిన్నాక ఇద్దరికీ 22, 37, 27, 16. మొదటి సంఖ్య నేపథ్యపు రంగు. మిగతా మూడే ఒంటి మీద కనబడేవి. అందులో 27 మూడు వరుసల్లోనూ మారలేదు, ఎందుకంటే అది చర్మపు రంగు. చర్మం అలాగే ఉండి బట్టలు మారాయి. మొత్తం పన్నెండు బైట్లలో మూడు వేషాలు.

నేర్పుకు దక్కిన బహుమానం

పువ్వు తింటే వచ్చే వేషం ఒక శక్తికి గుర్తు. దెబ్బ తగిలితే పోతుంది. 1988లో జపాన్‌లో విడుదలైన 'సూపర్ మారియో బ్రదర్స్ 3' ఈ పద్ధతిని చాలా పెంచింది. తోక వేషంతో ఎగరవచ్చు, కప్ప వేషంతో బాగా ఈదవచ్చు, తనూకీ వేషంతో రాతి బొమ్మగా మారవచ్చు, సుత్తుల వేషంతో సుత్తులు విసరవచ్చు. ఇవన్నీ ఆటలో పనికొచ్చే సాధనాలు.

కేవలం ఆటగాడి ఘనతను చాటే వేషం 1986లో నింటెండో 'మెట్రాయిడ్'తో వచ్చింది. ఆ గేములో ఆటగాడు నడిపించే సామస్ అనే పాత్ర ఆటంతా భారీ కవచంలోనే ఉంటుంది. ఎంత తొందరగా ముగిస్తే ముగింపు అంత మారుతుంది. ఆలస్యం చేసినవాళ్లకు కవచమే కనబడుతుంది. త్వరగా ముగించినవాళ్లకు శిరస్త్రాణం తొలగి సామస్ ఆడమనిషని తెలుస్తుంది. మూడు గంటల్లోపు ముగిస్తే కవచం పూర్తిగా తొలగిపోతుంది, అదే రూపంతో ఆటను మళ్లీ మొదటి నుంచి ఆడవచ్చు. ఆ రూపానికి అదనపు బలం ఏదీ లేదు. అది చేసే పనల్లా ఈ ఆటగాడు ఆటను తొందరగా గెలిచాడని చెప్పడం. తర్వాత పాస్‌వర్డుల్లో 'జస్టిన్ బెయిలీ' అనే రెండు మాటలు కొడితే ఆ రూపం నేరుగా వస్తుందన్న సంగతి ఆటగాళ్ల నోట పాకింది. బహుమతి వేషమూ, దానికి దొంగదారీ దాదాపు ఒకే కాలంలో పుట్టాయి.

1990 నాటి 'సూపర్ మారియో వరల్డ్' ఇంకో మెట్టు ఎక్కింది. అందులో స్పెషల్ జోన్ అనే కఠిన దశలన్నీ దాటితే లోకం రంగు శరదృతువులోకి మారుతుంది, తాబేలు జాతి శత్రువులు మారియో ముఖం పెట్టుకుని తిరుగుతారు. కథానాయకుడికి బదులు లోకానికే వేషం మార్చడం ఇక్కడ కనబడుతుంది. ఆ తర్వాతి తరం అభిమానులు తమ గేముల్లో పెట్టుకున్న బహుమతులకు నమూనాలు ఈ మూడు ఆటల్లోనే దొరుకుతాయి: శక్తినిచ్చే వేషం, ఘనత చాటే వేషం, లోకాన్నే మార్చే వేషం.

పరికరాలు అభిమానుల చేతికి

బొమ్మలు మార్చే అధికారం ఆటగాళ్లకు మొదట పీసీ గేముల ద్వారా దక్కింది. 1993లో ఐడీ సాఫ్ట్‌వేర్ విడుదల చేసిన 'డూమ్'లో బొమ్మలు, శబ్దాలు, దశలు ప్రోగ్రాము నుంచి వేరుగా వ్యాడ్ అనే ఫైళ్లలో ఉండేవి. ఆ ఫైలు మారిస్తే ఆట రూపమే మారేది. నలుగురు కలిసి ఆడేటప్పుడు సైనికుడి బట్టల్లోని పదహారు పచ్చ ఛాయలను లెక్కప్రకారం బూడిద, గోధుమ, ఎరుపు ఛాయలతో మార్చి ఒక్కొక్కరిని వేరుగా చూపేవారు. మారియో, లుయీజీల పాత పద్ధతే మరింత నునుపుగా ఇక్కడికి వచ్చింది. 1996 నాటి 'క్వేక్'లో పాత్ర ఒంటికి చుట్టే చిత్రాన్ని ఆటగాళ్లే గీసుకోగలిగారు. దాన్ని స్కిన్ అనేవారు. జట్లు కట్టి ఆడేవాళ్లు తమ జట్టుకంటూ ఒక స్కిన్ గీయించుకునేవారు.

ప్లాట్‌ఫార్మ్ గేముల అభిమానులకు ఇలాంటి వీలు రోమ్ హ్యాకింగ్ ద్వారా వచ్చింది. కార్ట్రిడ్జ్‌లోని ప్రోగ్రామును కంప్యూటరులోకి తీసుకుని, ఒక్కో బైటు అర్థం కనిపెట్టి మార్చడమే రోమ్ హ్యాకింగ్. 2000లో ఫ్యూసోయా అనే మారుపేరుతో ఒక ప్రోగ్రామరు విడుదల చేసిన 'లూనార్ మ్యాజిక్' అనే ఎడిటరు 'సూపర్ మారియో వరల్డ్' దశలను మౌసుతో మార్చే వీలు కల్పించింది. హ్యాకర్లు సాధారణంగా మొత్తం గేమును పంచరు. అసలు గేముకూ తమ మార్పుకూ మధ్య ఉన్న తేడాను మాత్రమే ప్యాచ్ ఫైలుగా పంచుతారు. అసలు గేము ఆటగాడి దగ్గర ముందే ఉండాలి. సొంతదారు హక్కును వీలైనంత గౌరవిస్తూ పని చేసుకుపోవడానికి వాళ్లు కనిపెట్టిన మార్గం ఇది.

అనుమతి లేకుండా వేషం మార్చిన గేములు తెలుగువాళ్ల ఇళ్లలోకి వేరే దారిన ముందే వచ్చాయి. 1990లలో ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లో అమ్మిన టీవీ వీడియో గేములు చాలావరకు ఫ్యామికామ్ యంత్రానికి అనుకరణలు. వాటితో వచ్చే క్యాసెట్ మీద వేలల్లో గేములున్నట్టు అంకె ఉండేది. పెట్టి చూస్తే పదుల్లోనే ఉండేవి. ఒకే మారియో, ఒకే కాంట్రా వేరే పేరుతో, వేరే దశ నుంచి, కొన్నిసార్లు వేరే బొమ్మతో మళ్లీ మళ్లీ వచ్చేవి. ఆ మార్పులు చేసినవాళ్లు అభిమానులు కారు, అంకె పెంచి అమ్ముకోవాలన్న నకిలీ తయారీదారులు. అయినా పాత్ర బొమ్మ మార్చడం ఎంత చిన్న పనో ఆ క్యాసెట్లు చూపించాయి. సాంకేతికంగా అభిమానులు చేసిందీ అదే పని. ఉద్దేశం వేరు.

ఆరు గళ్ల పట్టీ

సొంత ప్రోగ్రాముతో మొదటి నుంచి రాసిన ఫ్యాన్ గేముల్లో వేషాలకు పెద్ద పీట వేసినది 'సూపర్ మారియో వార్'. ఆస్ట్రియా ప్రోగ్రామరు ఫ్లోరియన్ హుఫ్‌స్కీ 2000ల తొలి సంవత్సరాల్లో దీన్ని రాశాడు. ఒకే తెర మీద నలుగురు ఒకరి నెత్తిన ఒకరు దూకుతూ పోటీపడే ఆట ఇది. ప్రోగ్రాము మూలం బహిరంగంగా పెట్టడంతో 2009లో ఆయన చనిపోయాక కూడా ఆట ఆగలేదు, ఇతరులు కొనసాగించారు.

ఇందులో ఒక వేషమంటే ఒక్క చిన్న చిత్రం. అడ్డంగా 192 చుక్కలు, నిలువుగా 32 చుక్కలు. ఆ పట్టీని 32 చుక్కల గళ్లు ఆరింటిగా విడదీస్తారు. మొదటి గడిలో నిలబడ్డ బొమ్మ, రెండోదాంట్లో పరుగు, మూడోదాంట్లో గెంతు, నాలుగోదాంట్లో జారి ఆగడం, అయిదోదాంట్లో దెబ్బతిని ఎగిరిపడటం, ఆరోదాంట్లో అణిగిపోయిన బొమ్మ. అన్నీ కుడివైపు చూస్తున్నట్టే గీయాలి. ఎడమవైపు తిరిగితే ప్రోగ్రామే అద్దంలోలా తిప్పుకుంటుంది. ఖాళీ చోటంతా ముదురు గులాబీ రంగు నింపాలి. ఆ రంగు ఉన్నచోట తెర మీద ఏమీ కనబడదు. బట్టలకు కేటాయించిన కొన్ని ఛాయలు వాడితే ఎరుపు, పచ్చ, పసుపు, నీలం ఆటగాళ్లకు ప్రోగ్రామే రంగులు మార్చిపెడుతుంది. మామూలు పెయింట్ ప్రోగ్రాము ఉన్న ఎవరైనా ఒక సాయంత్రంలో కొత్త వేషం గీయగలరు. అభిమానులు గీసిన వేషాలు కుప్పతెప్పలుగా పోగుపడ్డాయి. వేరే కంపెనీల పాత్రలు, సినిమా పాత్రలు, సొంత ఊహలు అన్నీ ఆరు గళ్లలో ఇమిడాయి.

'సూపర్ మారియో వార్'లో ఈ వేషాలకు తాళం లేదు. ఫైలు ఉంటే చాలు, ఎవరైనా తొడుక్కోవచ్చు. అంటే అభిమానుల లోకంలో ముందు వేషాల సమృద్ధి వచ్చింది, ఆ తర్వాతే వాటిలో కొన్నిటికి తాళం వేయాలన్న ఆలోచన వచ్చింది. ఆ తాళం లాభం కోసం వేసింది కాదు. ఆటను చివరిదాకా ఆడేందుకు, మూలమూలలా వెతికేందుకు ఆటగాడికి ఒక కారణం కావాలి. డబ్బు, ప్రచారం ఏవీ లేని సృష్టికర్తకు తను గీసిన దశలన్నీ ఎవరైనా చూడాలన్న కోరికే పెద్దది. తాళం వేసిన వేషం ఆ కోరిక తీర్చే సాధనమైంది.

ముద్రలు ఏరితే తెరుచుకునే దశలు

తాళాల పద్ధతిని శ్రద్ధగా పెంచిన ఫ్యాన్ గేము 'సోనిక్ రోబో బ్లాస్ట్ 2'. సెగా కంపెనీ పాత్ర సోనిక్‌ను తీసుకుని 1998 ప్రాంతంలో కొందరు యువకులు దీన్ని మొదలుపెట్టారు. 1997 డిసెంబరులో 'డూమ్' మూల ప్రోగ్రామును ఐడీ సాఫ్ట్‌వేర్ బయటపెట్టింది. దాని ఆధారంగా వచ్చిన 'డూమ్ లెగసీ' అనే ఇంజిన్ మీద ఈ గేము కట్టారు. తుపాకులతో కాల్చుకునే ఆట లోపలి యంత్రాంగం పరుగులూ గెంతుల ఆటగా మారింది. 2.0 వెర్షన్ 2009లో, 2.1 వెర్షన్ 2014లో, 2.2 వెర్షన్ 2019 డిసెంబరులో వచ్చాయి. ఇరవై ఏళ్లకు పైగా చేతులు మారుతూ సాగిన ఈ కృషికి ఎవరూ వెల కట్టలేదు, ఎవరూ డబ్బు అడగలేదు.

ఈ గేములో దశల్లో అక్కడక్కడా ఎంబ్లెమ్‌లు అనే ముద్రలు దాచి ఉంటాయి. కొన్ని సందుల్లో, కొన్ని జలపాతాల వెనక, కొన్ని ఒక ప్రత్యేక పాత్ర మాత్రమే ఎక్కగల ఎత్తుల్లో. దశను నిర్ణీత సమయంలోపు ముగించినా ముద్రలు దక్కుతాయి. తగినన్ని చేరితే అదనపు దశలు తెరుచుకుంటాయి. 2.2 వెర్షన్‌లో అమీ, ఫ్యాంగ్, మెటల్ సోనిక్ పాత్రలు కూడా ఆడి సంపాదించుకునేవే. ఈ గేములో స్కిన్ అంటే బొమ్మ ఒక్కటే కాదు, పరుగు వేగం, గెంతు ఎత్తు, ప్రత్యేక విద్య అన్నీ కలిసిన పాత్ర. అభిమానులు తమ స్కిన్‌ను ఒక వ్యాడ్ ఫైలులో పెట్టి, 'ఎస్ స్కిన్' అనే చిన్న పాఠంలో పేరు, వేగం, విద్య రాస్తే గేము దాన్ని తనలో కలుపుకుంటుంది. 'డూమ్' సైనికుడి పచ్చ ఛాయల పద్ధతి ఇక్కడ సోనిక్ ముళ్ల రంగు మార్చడానికి పనికొచ్చింది.

గెలిచిన ముద్రల లెక్క ఒక చిన్న డేటా ఫైలులో ఉంటుంది. ఆటను సులభం చేసే మార్పులున్న అదనపు ఫైలు ఎక్కించుకుని ఆడితే ఆ లెక్కలో కొత్త ముద్రలు చేరవు. ఇష్టమొచ్చినట్టు ఆడుకోవచ్చు గానీ, ఘనతగా మాత్రం రాసుకోరు. పైసా విలువలేని బహుమతికి కూడా ఇంత కాపలా పెట్టారంటే, ఆ బహుమతి విలువ అది ఎలా దక్కిందన్న దాంట్లోనే ఉందని వాళ్లకు బాగా తెలుసు.

2009 నుంచి 2012 వరకు

మారియో ఫ్యాన్ గేములకు ఈ మూడు నాలుగేళ్లు పంటకాలం. 2009లో ఆండ్రూ స్పింక్స్ 'రెడిజిట్' అనే పేరుతో 'సూపర్ మారియో బ్రదర్స్ ఎక్స్' విడుదల చేశాడు. విజువల్ బేసిక్ 6లో రాసిన ఈ గేముతోపాటు దశలు కట్టుకునే ఎడిటరు కూడా వచ్చింది. మారియో, లుయీజీ, పీచ్, టోడ్, లింక్ అనే అయిదు పాత్రల్లో ఎవరితోనైనా ఆడవచ్చు. స్పింక్స్ తర్వాత ఈ పని వదిలి 2011లో 'టెర్రేరియా' అనే సొంత గేముతో పెద్ద పేరు తెచ్చుకున్నాడు.

'సూపర్ మారియో బ్రదర్స్ ఎక్స్'లో పాత్రకు వేషం మార్చడం 'సూపర్ మారియో వార్' అంత సులువు కాదు. పొట్టి మారియో, పెద్ద మారియో, నిప్పు, ఆకు, తనూకీ, సుత్తి, మంచు అని ఏడు స్థితులున్నాయి. ఒక్కో స్థితికి ఒక్కో పెద్ద చిత్రపటం కావాలి. అందులో నిలువుగా పది, అడ్డంగా పది గళ్లు. నడక, గెంతు, ఈత, వస్తువు ఎత్తడం, తలుపులోకి వెళ్లడం అన్నీ వాటి వాటి గళ్లలో కూర్చోవాలి. ఒక గడిలో బొమ్మ రెండు చుక్కలు పక్కకు జరిగితే ఆటలో పాత్ర వణికినట్టు కనబడుతుంది. ఇన్ని బొమ్మలు సరిచూసి గీసిన వేషం ఒక చిత్రకారుడి నెలల శ్రమ కావచ్చు. దాన్ని మెనూలో ఊరికే పడేయకుండా ఒక కఠిన దశ చివర బహుమతిగా పెట్టడంలో ఆ శ్రమకు ఇచ్చే గౌరవం కూడా ఉంది.

ఈ గేమును అభిమానుల బృందం ముందుకు తీసుకెళ్లి 'ఎస్‌ఎమ్‌బీఎక్స్ 2'గా మార్చింది. లూనాలూవా అనే అనుబంధం ద్వారా లూవా భాషలో దశలకు సొంత నియమాలు రాసే వీలు వచ్చింది. ఇందులో వేషాలకు ప్రత్యేక ఫోల్డర్లున్నాయి. ఒక పాత్రకు ఫలానా వేషం తొడగమని ఒక్క వరుసలో చెప్పవచ్చు. గేముతో వచ్చిన మారియో వేషాల్లో 1985 నాటి మొదటి రూపం, 'సూపర్ మారియో వరల్డ్' రూపం ఉన్నాయి. అంటే వేషాల మెనూ పాత్ర చరిత్రకు చిన్న ప్రదర్శనశాల అయింది. ఒక్కొక్కటి తెరుచుకుంటూ పోతే ఆ పాత్ర ఏ యంత్రం మీద ఎలా ఉండేదో కళ్లముందు కనబడుతుంది.

2010 ఏప్రిల్‌లో జే పావ్లీనా 'సూపర్ మారియో బ్రదర్స్ క్రాస్ఓవర్' అనే, బ్రౌజరులో ఆడే ఫ్లాష్ గేము విడుదల చేశాడు. మొదటి మారియో దశల్లో వేరే పాత గేముల పాత్రలైన లింక్, సామస్, మెగా మ్యాన్, సైమన్ బెల్‌మాంట్, బిల్ రైజర్ తమ తమ ఆయుధాలతో తిరగవచ్చు. తర్వాతి వెర్షన్లలో ఒక్కో పాత్రకు వేర్వేరు స్కిన్లు చేరాయి. వేషం ద్వారా పాత గేముల చుట్టరికం చూపడం దీని ప్రత్యేకత. 2012 మార్చిలో మోరిస్ గెగాన్ బృందం విడుదల చేసిన 'మారి0' మారియో లోకంలో 'పోర్టల్' గేములోని ద్వారాల తుపాకీని పెట్టింది. దానితోపాటు 33 రకాల టోపీలనూ ఇచ్చింది. ఒంటి బొమ్మ అదే ఉంటుంది. ప్రతి కదలికలో తల ఎక్కడుందో లెక్కచూసి ప్రోగ్రాము టోపీని దాని మీద పెడుతుంది. మొత్తం పాత్రను మళ్లీ గీయకుండా వేషం మార్చే పొదుపైన దారి ఇది.

తాళం లోపలి యంత్రాంగం

ఏ ఫ్యాన్ గేములోనైనా వేషపు తాళానికి మూడు భాగాలుంటాయి. మొదటిది షరతు. ఏరడం, వేగం, ప్రావీణ్యం, అన్వేషణ అనే నాలుగు రకాల షరతులే ఎక్కువగా కనబడతాయి. నాణేలన్నీ ఏరడం ఓపికకు పరీక్ష. గడియారంతో పోటీ చేతివాటానికి పరీక్ష. ఒక్క దెబ్బ తినకుండా శత్రువును ఓడించడం ఏకాగ్రతకు పరీక్ష. గోడ వెనక దాచిన గదిని కనిపెట్టడం కుతూహలానికి పరీక్ష. మంచి గేములో వేషానికీ షరతుకూ పొందిక ఉంటుంది. నీటి దశలన్నీ దాటితే కప్ప వేషం దక్కడం అలాంటిదే.

రెండోది జ్ఞాపకం. ఒక్కో వేషానికి తెరుచుకుందా లేదా అన్న ఒక్క గుర్తు చాలు, ఒక బిట్టులో ఇముడుతుంది. 'మెట్రాయిడ్' కాలంలో ఆ గుర్తులను 24 అక్షరాల పాస్‌వర్డుగా మార్చి ఆటగాడి చేత కాగితం మీద రాయించేవారు. ఫ్లాష్ గేముల్లో గుర్తులు బ్రౌజరుకు అనుబంధంగా కంప్యూటరులో ఒక మూల ఉండేవి. ఆ డేటా తుడిచేస్తే సంపాదించిన వేషాలన్నీ పోయేవి. ఇప్పటి గేములు విడి సేవ్ ఫైలులో దాస్తాయి, ఆటగాడు దాన్ని నకలు తీసి భద్రపరుచుకోవచ్చు.

మూడోది కనబరచడం. తెరుచుకోని వేషాన్ని మెనూలో నల్లటి నీడగా చూపితే ఆశ పెరుగుతుంది. పక్కన షరతు రాసిపెడితే దారి తెలుస్తుంది. ఏమీ చూపకపోతే దొరికినప్పుడు ఆశ్చర్యం. చాలామంది సృష్టికర్తలు కొన్నిటికి నీడ చూపి, ఒకటి రెండు పూర్తిగా దాచిపెడతారు. ఆ దాచినవాటి కబురు ఆటగాళ్లు ఒకరికొకరు చేరవేసుకుంటారు. ఒకప్పుడు 'జస్టిన్ బెయిలీ' కబురు పాకినట్టే ఇవీ పాకుతాయి.

అమ్మకపు వేషాలు, అమ్మలేని వేషాలు

2006 ఏప్రిల్‌లో బెథెస్డా కంపెనీ 'ఆబ్లివియన్' గేములోని గుర్రానికి కవచాన్ని రెండున్నర డాలర్లకు విడిగా అమ్మింది. అప్పుడు చాలామంది ఆటగాళ్లు కోపగించారు. కానీ ఆ దారి ఆగలేదు. ఆ తర్వాతి దశాబ్దంలో పాత్రల బట్టలు అమ్మడం ఎన్నో పెద్ద గేములకు ప్రధాన ఆదాయమైంది. ఆట ఉచితం, వేషం ఖరీదు. ఒకప్పుడు మూడు గంటల్లోపు గెలిచానని చెప్పిన వేషం ఇప్పుడు డబ్బు ఖర్చుపెట్టానని చెబుతోంది.

ఫ్యాన్ గేము ఆ దారి పట్టలేదు, పట్టే వీలూ లేదు. మారియో, సోనిక్, సామస్ పాత్రల హక్కులు వాటి సొంతదారులవి. అనుమతి లేకుండా ఆ పాత్రతో గేము చేయడమే చట్టం దృష్టిలో బలహీనమైన స్థితి. దాని మీద డబ్బు తీసుకుంటే మిగిలిన కాస్త సానుభూతీ పోతుంది. అందుకే వేషాన్ని అమ్మే ఆలోచనకు అక్కడ చోటే లేదు. అమ్మకానికి లేని వస్తువుకు మిగిలేది రెండే గతులు: ఊరికే ఇవ్వడం, లేదా గెలుచుకోమనడం. కంపెనీ గేముల్లో క్రమంగా పలచబడిన పాత ఆనవాయితీ ఫ్యాన్ గేముల్లో బతికి ఉండటానికి ఈ ఇరుకే పెద్ద కారణం.

అదే ఇరుకు ఈ గేములకు ప్రాణగండం కూడా. అర్జెంటీనాకు చెందిన మిల్టన్ గ్వాస్టీ దాదాపు పదేళ్లు కష్టపడి తీర్చిదిద్దిన 'ఏఎమ్2ఆర్' అనే ఫ్యాన్ గేము, 'మెట్రాయిడ్' ముప్ఫయ్యో పుట్టినరోజున, 2016 ఆగస్టు 6న వచ్చింది. నింటెండో నోటీసులతో కొద్ది రోజుల్లోనే పంపిణీ ఆగిపోయింది. అదే సంవత్సరం గేమ్ జోల్ట్ అనే వేదిక మీద 562 ఫ్యాన్ గేములు నింటెండో నోటీసుతో మూతపడ్డాయి. సెగా మాత్రం డబ్బు తీసుకోని సోనిక్ ఫ్యాన్ గేముల పట్ల చాలావరకు ఉదారంగా ఉంది. 2020 చివరితో అడోబీ ఫ్లాష్‌కు మద్దతు ముగియడం మరో దెబ్బ. బ్రౌజరులో ఆడే ఎన్నో గేములు, వాటిలో ఆటగాళ్లు సంపాదించుకున్న వేషాలతో సహా, మామూలుగా తెరుచుకోవడం మానేశాయి. అభిమానులే పాత ఫైళ్లను సేకరించి, ఫ్లాష్‌ను అనుకరించే ప్రోగ్రాములు రాసి, వాటిలో చాలావాటిని మళ్లీ ఆడే స్థితికి తెచ్చారు.

కంపెనీల వాకిట్లో అభిమానుల అలవాటు

2015 సెప్టెంబరులో నింటెండో స్వయంగా 'సూపర్ మారియో మేకర్' విడుదల చేసింది. దశలు కట్టుకునే పరికరం అది. మొదటి మారియో శైలిలో కట్టిన దశల్లో ఒక వింత పుట్టగొడుగు తింటే మారియో లింక్‌గానో సామస్‌గానో మారతాడు. ఇలాంటి వేషాలు వందకు పైగా ఉండేవి. వంద మారియోలతో వరసగా దశలు దాటే సవాలులో గెలిస్తే కొత్త వేషాలు తెరుచుకునేవి. అమీబో అనే బొమ్మలు కొని యంత్రానికి తాకించినా తెరుచుకునేవి. గెలుపు దారి, కొనుగోలు దారి రెండూ ఒకే వేషం దగ్గర కలిశాయి. అయిదేళ్ల ముందు పావ్లీనా ఫ్లాష్ గేము ఆడినవాళ్లకు ఈ దృశ్యం కొత్తగా అనిపించి ఉండదు. 2017 నాటి 'సూపర్ మారియో ఒడిస్సీ'లో టోపీలు, బట్టలు ఆటలో ఏరిన నాణేలతో కొనుక్కోవచ్చు. ఒక్కో రాజ్యంలో దొరికే ఊదా నాణేలకు ఆ రాజ్యపు వేషమే వస్తుంది. అన్వేషణకూ వేషానికీ పొందిక ఇక్కడ చక్కగా కుదిరింది.

సెగా ఇంకా ముందుకు వెళ్లింది. ఆస్ట్రేలియాకు చెందిన క్రిస్టియన్ వైట్‌హెడ్ ఫ్యాన్ గేముల నుంచి వచ్చినవాడు. 2017 ఆగస్టులో విడుదలైన అధికారిక గేము 'సోనిక్ మేనియా'ను అతనితో పాటు అలాంటి నేపథ్యమున్నవాళ్లే నడిపించారు. 2014 నాటి 'ఫ్రీడమ్ ప్లానెట్' సోనిక్ ఫ్యాన్ గేముగా మొదలై, పాత్రలన్నిటినీ సొంతంగా మార్చుకుని స్వతంత్ర గేముగా నిలబడింది. అక్కడ వేషం మార్చడం పాత్రను మార్చడం దాకా వెళ్లి, కొత్త సృష్టి అయింది.

ఇప్పటి స్థితి

2019లో అభిమానులు 'సూపర్ మారియో 64' ప్రోగ్రామును విశ్లేషించి, చదవగలిగే మూల పాఠంగా మళ్లీ రాశారు. 2020లో దాని ఆధారంగా పీసీ రూపం వచ్చింది. అప్పటి నుంచి మారియో టోపీ, చొక్కా, ఓవరాల్స్ రంగులు వేర్వేరుగా మార్చడం, ఒంటి నమూనానే కొత్తగా పెట్టడం మామూలు అభిమానికి కూడా సాధ్యమైంది. 2020లోనే 'సూపర్ మారియో బ్రదర్స్ ఎక్స్' మూల ప్రోగ్రామును స్పింక్స్ బహిరంగం చేశాడు. దానితో ఆ గేమును కొత్త యంత్రాల మీదకు తెచ్చే పనులు మొదలయ్యాయి.

మూలం చేతిలో ఉన్నాక ఏ తాళాన్నయినా ఒక వరుస మార్చి తీసేయవచ్చు. సేవ్ ఫైలు దిద్దుకోవడం అంతకన్నా సులువు. అయినా కొత్త ఫ్యాన్ గేముల్లో వేషాలకు తాళాలు వేస్తూనే ఉన్నారు, ఆటగాళ్లు షరతు పాటించి వాటిని తీస్తూనే ఉన్నారు. బలవంతంగా కాపాడే వీలు లేనిచోట ఈ ఆనవాయితీ రెండు వైపుల ఇష్టం మీదే నిలుస్తుంది. గీసినవాడు తన దశలను చివరిదాకా చూడమంటున్నాడు, ఆడేవాడు సరేనని ఒప్పుకుంటున్నాడు. మధ్యలో డబ్బు లేదు కనుక, ఆ వేషం తొడుక్కున్న పాత్ర ఆటగాడు ఏం సాధించాడో నిజంగానే చెబుతుంది.